ఒక్క పేరుకే చోటు

శుక్రవారం పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని, ఫ్రిజ్‌లోంచి మా ఆయన ఇంజెక్షన్ తీసి భోజనాల బల్ల మీద పెట్టడం. అరగంట ముందే తీయాలి. చల్లగా ఉంటే గుచ్చినప్పుడు ఆయనకి మంటట. ఆ అరగంటలో పాలు కాగుతాయి, అత్తయ్య బీపీ మాత్ర వేసుకుంటుంది, నేను మూడు డబ్బాలు సర్దుతాను. ఆయనకి ఉడికించిన కూరలు, అత్తయ్యకి ఉప్పు తగ్గించినవి, నాకు ఆ రెండింటిలో మిగిలినవి. అప్పుడాయన వచ్చి కుర్చీలో కూర్చుని, చొక్కా పైకెత్తి, మొహం కిటికీ వైపు తిప్పుకుంటాడు. సూది చూడలేడు పాపం. నేను పొట్ట మీద దూదితో తుడిచి, చర్మం పట్టుకుని, ఆ పెన్నులాంటి దాన్ని ఆనించి, పది లెక్కపెట్టి తీస్తాను.

“నొప్పేసిందా నాన్నా?” అని అడుగుతుంది అత్తయ్య, ప్రతి శుక్రవారం, నలభై నాలుగేళ్ళ కొడుకుని.

“లేదులేమ్మా,” అంటాడాయన, నాలుగు ఊళ్ళు గెలిచి వచ్చినవాడిలా.

ఆ శుక్రవారం నేను దూది చెత్తబుట్టలో వేస్తుంటే వెనకనుంచి అన్నాడు: “మీ ఆఫీసు ఫారం పంపావా? బుధవారమే ఆఖరు. అసలే మతిమరుపు నీకు.”

పదకొండేళ్ళలో ఈ ఇంట్లో నేను మర్చిపోయింది ఒక్కటి చెప్పమని అడగాలనిపించింది. “పంపుతాను లెండి,” అన్నాను.

ఆ ఫారం సంగతి చెప్పాలి. మా ఆఫీసు వాళ్ళు ఉద్యోగులకీ, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళకీ మందులు ఇప్పిస్తారు. పాత చౌక మాత్రలైతే ఎవరికైనా, ఎన్నైనా. కొత్తగా వచ్చిన ఖరీదైన మందులైతే మాత్రం ఇంటికి ఒక్కరికే. ఏడాదికోసారి ఫారం నింపాలి, డాక్టరు కాగితం జతచేయాలి. పేరు రాయడానికి అందులో ఒక్కటే గడి ఉంటుంది. కిందటేడు ఆ గడిలో మా ఆయన పేరు రాసింది నేనే. ఒక్క క్షణం ఆలోచించను కూడా లేదు. డాక్టరు అన్న మాట ఇప్పటికీ గుర్తే నాకు. “పెద్ద జబ్బేం లేదండీ, బరువెక్కువ, అంతే. రోజూ గంట నడవండి, తిండి తగ్గించండి. అబ్బే, నా వల్ల కాదంటారా, ఈ వారం వారం ఇంజెక్షన్ ఉంది.” మా ఆయన తన వల్ల కాదన్నాడు.

ఏడాదిలో పద్దెనిమిది కిలోలు తగ్గాడు. మెడ బయటపడింది. దవడ ఎముక కనిపించింది. మా పెళ్ళి ఫోటోలో కూడా లేని దవడ అది. అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి పొట్ట ఉండాల్సిన చోట చెయ్యి ఆడించుకుంటాడు. నేను మంచం మీద దుప్పట్లు మడతపెడుతూ ఓరకంట చూస్తాను. చూస్తే నాకు కుళ్ళు. మర్యాదగా ఈర్ష్య అని కూడా అననక్కర్లేదు, ఒట్టి కుళ్ళు. కట్టుకున్నవాడు ఆరోగ్యంగా ఉంటే సంతోషించాలి కదా ఇల్లాలు, నాకేమో కడుపు మండేది.

కిందటి నెల ఆయన స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్ళాం. ఆ ఇంటావిడ తలుపు తీసి నోరు తెరిచేసింది. “అబ్బ, ఏం కంట్రోలండీ మీది! మా ఆయనకి కూడా కాస్త చెప్పకూడదూ?” ఇక చూడాలి మా ఆయన్ని. కాళ్ళు చాపుకుని కూర్చుని, నోరు కట్టుకోవడం ఎలాగో అరగంట ఉపన్యాసం. ఇంజెక్షన్ మాట ఎత్తలేదు. ఉడికించిన కూరల మాట ఎత్తాడు గానీ, ఆయన చెప్పడం వింటే అవి వాటంతటవే వెళ్ళి ఉడికాయనుకోవాలి. చివర్లో ఆవిడ నా వైపు తిరిగి, “మీరూ ఆయన్ని చూసి మొదలుపెట్టొచ్చుగా,” అంది. ఇంటికొచ్చాక ఆయన కొత్త ప్యాంట్ల అంచులు కుట్టాలి నేను. ఒకదానికి ఒక కాలు అర అంగుళం పొట్టిగా కుట్టాను. పొరపాటున కాదు, కావాలనే. రెండు రోజులు అలాగే వేసుకు తిరిగాడు, ఎవరూ చెప్పలేదు. మూడో రోజు నాకే సిగ్గేసి విప్పి సరిచేశాను.

నా కుళ్ళంతా ఆయన నడుము మీదే అనుకున్నాను చాలాకాలం. కాదు. అత్తయ్య అడిగే ఆ “నొప్పేసిందా” మీద.

నాకు మైగ్రేన్. పార్శ్వపు నొప్పి అంటారే, అది. పెళ్ళికి ముందునుంచీ ఉంది. ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక్కి పోయి అక్కడ మకాం పెడుతుంది. వెలుతురు పడదు, నూనె వాసన పడదు, పక్కింటి కుక్క అరిస్తే ప్రాణం పోతుంది. వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చి, ఒక కన్ను మూసుకుని కూరలు తరుగుతాను. ఒంటి కంటితో ఉల్లిపాయ తరిగితే ఏడుపు సగమే వస్తుంది, అదొక్కటే లాభం. “తలన్నాక నొప్పి రాదా అమ్మాయ్? నేను ముగ్గుర్ని కన్నాను, ఏనాడైనా పగటిపూట నడుం వాల్చానా?” ఇది అత్తయ్య. “మళ్ళీనా? నీ తలనొప్పి నాకు తలనొప్పయి కూర్చుంది,” ఇది మా ఆయన. అని, తన జోకుకి తనే నవ్వుకుంటాడు. ఒక శుక్రవారం సరిగ్గా ఇంజెక్షన్ వేళకి వచ్చింది నొప్పి. ఎడమ కంటికి ఏమీ ఆనడం లేదు, వేళ్ళు చల్లబడిపోయాయి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే, “చెయ్యి వణక్కుండా పెట్టు,” అన్నాడు. పెట్టాను. పది లెక్కపెట్టి తీశాను. అత్తయ్య ఆయన్ని అడగాల్సింది అడిగింది. నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఇంతకీ నా ఉద్యోగం ఏమిటో వింటే నవ్వుతారు. ప్రపంచం మందుల మీద ఎంత ఖర్చు పెడుతోందో, రాబోయే ఐదేళ్ళలో ఎంత పెడుతుందో అంచనా కట్టడం. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అంటారే, అది నన్ను చూసే అని ఉంటారు. ఏడాదికోసారి లావుపాటి నివేదిక వేస్తాం. మందులు చేసేవాళ్ళు, ఆసుపత్రులు నడిపేవాళ్ళు, బీమా వాళ్ళు అందరూ కొనుక్కుని చదువుతారు. ఏ జబ్బుకి ఎవరు ఏం వాడతారు, ఏ మందు పాతబడి చౌకవుతుంది, ఏది కొత్తగా వచ్చి జేబులు ఖాళీ చేస్తుంది, అన్నీ ఉంటాయి. ఎన్నేళ్ళు వేసినా సారం ఒక్కటే: ఖర్చు పెరుగుతుంది. జనం మింగేవాటిలో ఎక్కువ భాగం పాత చౌక మాత్రలే. ఖర్చులో పెద్ద వాటా మాత్రం కొద్దిమంది వాడే కొత్త మందులది. మా ఇల్లూ అంతే. అత్తయ్యవీ నావీ చౌక మాత్రలు, రోజూ గుప్పెడు. ఫ్రిజ్‌లో పై అర మొత్తం ఒక్కరిది. గుడ్లు కూడా కిందకి దిగిపోయాయి.

సోమవారం మా మేడం పిలిచింది. నా అంచనాలన్నీ ఒకటికి రెండుసార్లు చూసి అచ్చుకి పంపేది ఆవిడే. ఏభై ఏళ్ళుంటాయి, తెల్ల వెంట్రుకలకి రంగు వేయదు, మనుషుల్ని కూర్చోమనడం మర్చిపోతుంది. మూడేళ్ళ కిందటి నా పట్టిక తెరిచి ఉంది ఆవిడ ముందు. పక్కనే ఇప్పుడు నిజంగా జరిగిన లెక్క.

“క్యాన్సర్ సరిగ్గా చెప్పావు,” అంది. “సుగర్ సరిగ్గా చెప్పావు. బరువు తగ్గే ఇంజెక్షన్లయితే ఇంత పెరుగుతాయని అప్పుడు ఎవరూ నమ్మలేదు, నువ్వొక్కదానివే చెప్పావు. మరి ఇదేంటి?”

వేలు పెట్టి చూపించింది. మైగ్రేన్ రాకుండా నెలకోసారి వేసే ఇంజెక్షన్. ఈ నొప్పి బాగా ఉన్నవాళ్ళలో వందకి ఆరుగురు వాడతారని నేను రాశాను. పంతొమ్మిది మంది వాడుతున్నారు.

“ఇంత తప్పు నీ లెక్కల్లో ఎప్పుడూ చూళ్ళేదు. మన అంకె నమ్మి ఒక కంపెనీ వాళ్ళు తక్కువ తయారు చేశారు. రెండు నెలలు దుకాణాల్లో లేదు మందు. ఆరు అని ఎందుకేశావు?”

“డాక్టర్ దగ్గరికి రారు కదా మేడం, తలనొప్పికి...”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా పట్టిక కింద నేను రాసిన వివరణ పైకి చదివింది. “వీరిలో ఎక్కువమంది స్త్రీలు. చౌక మాత్రతో సర్దుకుంటారు. ఖరీదైన మందు అడగరు.” మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ ముక్క రాసినా దాని పక్కన ఆధారం రాయాలి, ఏ సర్వే, ఏ ఆసుపత్రి రికార్డు అని. ఆవిడ వేలు ఆ గడి దగ్గర ఆగింది. “ఆధారం, సాధారణ అనుభవం,” అని చదివింది. తలెత్తి నన్ను చూసింది.

“ఎవరి అనుభవం?”

ఆరు అని వేసిన రోజు నాకు బాగా గుర్తు. నివేదికకి గడువు దగ్గరపడింది, కణత పోటు పెడుతోంది, సర్వేలు దొరకలేదు. ఎవరడుగుతారులే, నేనడుగుతున్నానా అనుకుని ఆరు వేశాను. ప్రపంచంలో ఉన్న ఆడవాళ్ళందరి తలకాయల్నీ నా తలకాయతో కొలిచాను.

“తప్పయింది మేడం, సరిచేస్తాను,” అన్నాను.

“చెయ్యి,” అని ఆవిడ పట్టిక మూసింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు నవ్వి, “ఆ రెండు నెలలూ నేను తిరగని షాపు లేదు తెలుసా, తిట్టుకుంటూ. నీ వల్లే అని తెలీదు అప్పుడు,” అంది.

“మీరా?”

“రెండేళ్ళయింది మొదలుపెట్టి. నెలకోసారి, తొడకి. పదిహేను రోజులు పోయేవి నాకు నెలలో. ఇప్పుడు ఒకటో రెండో.”

“మీ ఇంట్లో...” అన్నాను. ఎలా అడగాలో తెలియలేదు. “మీ ఇంట్లో ఏమీ అనలేదా మేడం?”

ఆవిడకి నిజంగా నా ప్రశ్న అర్థం కాలేదు. “అనడానికేముంది? నా తల కదా,” అంది. “నీకూ ఉందా ఏంటి?”

“అప్పుడప్పుడు,” అని అబద్ధం చెప్పి బయటపడ్డాను.

నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాక చూడాలి నా సంగతి. ఇంతకుముందు మా ఆయన మీద పడ్డది కుళ్ళే కాదు. అది పిల్లకుళ్ళు. ఆ పట్టిక ముందు పెట్టుకుని, ఆరుకీ పంతొమ్మిదికీ మధ్య ఉన్న ఆ పదమూడు మంది మీద ఏడ్చాను. వందకి పదమూడు చొప్పున, దేశదేశాల్లో లక్షలమంది ఆడవాళ్ళు. ఎవరమ్మా మీరంతా? మీ ఇళ్ళల్లో అత్తగార్లు లేరా? కూరలు మిమ్మల్ని అడక్కుండానే ఉడుకుతాయా? తలన్నాక నొప్పి రాదా అని ఎవరూ అనలేదా మీతో? అన్నారేమో. అన్నా సరే లేచి, చెప్పులేసుకుని, వెళ్ళి డాక్టరు ఎదురుగా కూర్చుని “నాకు కావాలి” అనేశారా? అంత సులువుగానా? నేను మీ గురించి అచ్చులో రాసి పెట్టాను, మీరు అడగరని. నా మాట ఒక్కరైనా విన్నారు కాదు. వాళ్ళ నిద్రలంటే కుళ్ళు, వాళ్ళ పగళ్ళంటే కుళ్ళు, పైగా మా మేడంలాగా ప్రశ్న కూడా అర్థం కాని ఆ మొహాలంటే మరీ కుళ్ళు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో ఆ మధ్యాహ్నం తెలిసింది నాకు. ఎదుటి బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగి “బాగున్నారా?” అని అడిగితే, “లెక్క కుదరడం లేదు,” అన్నాను.

మంగళవారం భోజనాల వేళ ఆఫీసు పక్క సందులో ఉన్న క్లినిక్‌కి వెళ్ళాను. డబ్బా బల్ల మీదే వదిలేశాను. డాక్టరమ్మ కుర్రది, చెవులకి ఏమీ పెట్టుకోలేదు, గబగబా అడుగుతోంది.

“పని మానేసేంత నొప్పి నెలకి ఎన్ని రోజులు?”

“పని మానేయనండీ.”

“మానేశారా అని కాదు. మానేయాల్సినంత నొప్పి ఎన్ని రోజులు?”

అలా ఎవరూ అడగలేదు నన్ను. వేళ్ళు మడిచి చూసుకున్నాను. “తొమ్మిది.”

“ఎన్నేళ్ళుగా?”

“పద్దెనిమిది.”

ఆ అమ్మాయి రాసుకుంటూ ఉంది. నాకు అలవాటైన పని కాబట్టి నా బుర్ర తనంతట తనే గుణించేసింది. నెలకి తొమ్మిది, ఏడాదికి నూట ఎనిమిది, పద్దెనిమిదేళ్ళకి దగ్గర దగ్గర రెండు వేల రోజులు. ఐదేళ్ళకి పైనే. నేను ప్రపంచానికి చెప్పే జోస్యం కూడా ఐదేళ్ళదే. ఐదేళ్ళు నేను ఒంటి కన్నుతో గడిపాను.

“ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదండీ?” అంది డాక్టరమ్మ, తిట్టినట్టు కాదు, మామూలుగానే.

“నేను రానని ఒకావిడ రాసింది,” అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. కాగితం ఇచ్చింది.

బుధవారం నా సంచిలో రెండు డాక్టరు కాగితాలు, ఎదురుగా తెర మీద ఒక ఫారం, అందులో ఒక గడి. పొద్దున వచ్చేటప్పుడే మా ఆయన తన కాగితం చేతిలో పెట్టాడు, “ఇవాళే” అని. బయట కొనాలంటే ఈ రెండిట్లో ఏ మందైనా నా జీతంలో సగం. ఆ జీతం ఇంటికే సరిపోదు. నాకు తెలుసు, ఇంజెక్షన్ ఆపితే బరువు మళ్ళీ వస్తుంది. తెలియడమేమిటి, నివేదికలో రాసింది నేనే. మా ఆయన్ని బళ్ళో ‘బస్తా’ అనేవాళ్ళట. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు గానీ చెప్పగానే లేచి లైటు ఆర్పేశాడు. పోయిన నెల పాత ప్యాంట్లన్నీ మూటగట్టి ఇచ్చేస్తూ, “మళ్ళీ వాటిలోకి పోకూడదు నేను,” అన్నాడు. ఆ మాటలో భయం ఉంది. నాకది వినపడలేదని ఎలా అనను? నాలుగు గంటల దాకా ఆ గడి ఖాళీగానే ఉంచాను. ఆయన పేరు రాయడం ఎంత తేలికో. చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. రెండక్షరాలు కొట్టాను కూడా. కొట్టి, చెరిపాను.

నన్ను నేనే అడిగాను. ఇది నా అవసరమా, నా కుళ్ళా? ఒళ్ళు బాగాలేక రాస్తున్నానా, ఆయన బాగుంటే చూడలేక రాస్తున్నానా? మంచి ఇల్లాలికైతే ముందు ఆ సంగతి తేలాలి. తేలేదాకా ఆగితే గడువు దాటిపోతుంది. నా పేరు రాశాను. ఇంటిపేరుతో సహా రాశాను. పంపాను. ‘అందింది, ఏడాది వరకు మార్చడానికి వీలుకాదు’ అని జవాబొచ్చింది. ఆ తర్వాత మేడం అడిగిన పట్టిక తెరిచి సరిచేసి, ఈసారి సర్వే పేరు రాసి, సంచి సర్దుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి ఆయన బరువు చూసే యంత్రం మీద నిలబడి ఉన్నాడు. అత్తయ్య సోఫాలో టీవీ చూస్తోంది.

“పంపావా?” అన్నాడు తల తిప్పకుండా.

“పంపాను.”

“హమ్మయ్య.”

“నా పేరు రాశానండీ.”

యంత్రం మీదనుంచి దిగాడు. అర్థం కానట్టు చూశాడు. “నీ పేరా? నీకేం జబ్బు?”

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. పదకొండేళ్ళు ఒకే గదిలో పడుకుని, నిజంగానే అడిగాడు. నాకు కోపం కూడా రాలేదు.

“మైగ్రేన్,” అన్నాను. “నెలకోసారి ఇంజెక్షన్. డాక్టరు రాసిచ్చింది.”

“తలనొప్పికి ఇంజెక్షనా!” అత్తయ్య టీవీ గొంతు నొక్కేసింది. “విడ్డూరం కాకపోతే! వాడు చూడమ్మాయ్, వాడు ఎంత కష్టపడి...”

“మార్పించు,” అన్నాడాయన. “రేపు పొద్దున్నే చెప్పి మార్పించు.”

“మారదు. ఏడాది దాకా.”

ఆయన మొహం ఎర్రబడింది. కొత్తగా బయటపడ్డ ఆ దవడ గట్టిగా బిగుసుకుంది. “నాకు చెప్పకుండా చేశావంటే ఏంటర్థం? తలనొప్పీ కాదు, పాడూ కాదు. నలుగురూ నన్ను మెచ్చుకుంటుంటే చూడలేకపోయావు. నేను మళ్ళీ మునపట్లా అయిపోవాలి నీకు. కుళ్ళు. ఇది ఒట్టి కుళ్ళు!”

అని ఆగాడు. నేను “ఛ, అదేం మాటండీ” అంటానని ఆగాడు. ఎప్పుడూ అంటాను కాబట్టి. అత్తయ్య కూడా దానికోసమే నా వైపు చూస్తోంది. సంచి భుజం మీదనుంచి దించి కుర్చీలో పెట్టాను.

“అవునండీ, కుళ్ళే,” అన్నాను. “ఇన్నేళ్ళలో ‘నీకేం కావాలి’ అని ఈ ఇంట్లో నన్ను అడిగింది అదొక్కటే.”